కోరం

మా ఊరి గ్రామసభ నా సైకిల్ మీద జరిగేది.
హ్యాండిల్‌కు వేలాడే సంచిల తీర్మానాల బుక్కు,
ఎండిపోతే ఉమ్మి తడిపే స్టాంపు ప్యాడు,
నేను. గంతే సభ.

పత్తి ఏరబోయేటోళ్లను ఆటో ఎక్కకముందే పట్టుకునేటోన్ని.
బర్లు పిండేకాడ, చాయ్ హోటల్ కాడ,
పరకాల బస్సుకు నిలబడ్డకాడ
"ఈడొక్క సంతకం బాపూ, ఈడొక్క ఏలుముద్ర అవ్వా."
ఎందుకని ఎవ్వలడగలే.
పదకొండేండ్లు కారోబారు పనిజేసిన,
మా ఊరు ఒక్కసారి సుత కాదనలే.
"ఏకగ్రీవముగా తీర్మానించడమైనది"
నిద్రలో లేపినా తప్పు లేకుంట రాస్త.

ఈసంపెల్లి కొంరవ్వ మిరపకాయ కల్లంల ఉన్నది.
ముక్కుల ఘాటు, కండ్లల్ల నీళ్లు,
బుక్కు ముందట పెట్టిన.
చెయ్యి కొంగుకు తుడుచుకొని బొటనేలు చాపింది.
చాపి, ఆగింది.

"మీటింగు ఎప్పుడైంది?"
నిన్న, అన్న.
"ఏడ?"
పంచాయితి ఆఫీసుల.
"నిన్న పొద్దంత నేను ఆన్నే ఉంటి గదరా
పింఛన్ కోసమని గడపల కూసొని,
తాళంకప్పను చూసుకుంట."

తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"సరే, ఏం రాసినవో సదువు."
గొంతెత్తి సదువుడు నాకదే మొదలు.
మూడో తీర్మానం: ఎస్సీ కాలనీ మంచినీళ్ల మోటరు మరమ్మతు,
పదిహేడువేల నాలుగువందలు.
కొంరవ్వ కల్లం అవుతలికి చూసింది.
ఆమె కోడలు రెండు బిందెలతోని
వాగు దిక్కుకెల్లి వస్తున్నది.
ఇద్దరం చూసినం.

అప్పుడు ఎడమచేతి చూపుడేలు నా మొఖం ముందట పెట్టింది.
సిరామచ్చ గోరు కొసకు చేరింది,
ఇగ ఒక్కసారి కత్తిరిస్తే పోయేటంత.
"ఓటేసిననాడు కుర్సేసి కూసోబెట్టిండ్రు, చాయ్ పోసిండ్రు.
గోరు పెరిగినకొద్ది మచ్చ కొసకు జరిగింది,
నేను సుత జరిగిన.
ఇది రాలిపోయినంక నేనెవ్వర్ని?"

సంచిల స్టాంపు ఉన్నది. జవాబు లేదు.

"డప్పు కొట్టియ్యి. తాళం తియ్యి.
నా ఏలు ఆడికే వస్తది."

కొట్టిచ్చిన.
సర్పంచమ్మ మొగడు ఫోన్ల తిట్టవట్టిండు.
తిట్ల నడుమ, ఎన్కకెల్లి, ఆమె గొంతు:
"ఎన్నిగంటలకట?"

గురువారం పన్నెండుమంది వచ్చిండ్రు.
అండ్ల ఇద్దరు నీడకు,
ఒకాయన బిడ్డ పెండ్లి కార్డులు పంచుటానికి.
కొంరవ్వ కల్లం పట్టా తెచ్చి పరిచింది,
దులపలే. అందరికి తుమ్ములే.
సర్పంచమ్మ కుర్చీ పక్కపొంటి కొద్దిసేపు నిలబడి
పట్టా అంచుకు కూసున్నది.

లెక్కపెట్టిన. మల్ల లెక్కపెట్టిన. కోరం నిండలే.
పెన్ను అలవాటుల "ఏక" దాక పోయింది,
కొట్టేసిన.
"కోరము లేనందున సభ వాయిదా" అని రాసిన.
పదకొండేండ్లల్ల ఆ బుక్కుల నేను రాసిన
మొదటి నిజం గదే.

పట్టా మడుస్తున్న కొంరవ్వ అడిగింది:
"మోటరు సంగతి రాసినవా?"
సభ కాలేదు గదవ్వా, రాయరాదు.
"అడిగిన్నని రాయి మరి."

ఏడ రాయాల్నో రూలు లేదు.
మార్జిన్‌ల, సన్నగ, పెన్సిల్‌తోని:
మోటరు పైసలు ఏడబోయినయ్?

ఎన్కటి పేజీలన్ని తిప్పిన.
అసొంటి గుర్తు ఇంకోటి లేదు.
చెయ్యి తిరగక
కొడవలి లెక్క వంకరగ వచ్చింది.