అస్తమించని నెల

మందు ఎక్కించి డాక్టర్ అన్నాడు:
"నెల్లాళ్లు ఎండపొడ తగలకూడదు."
అక్క ఒడ్నీ నవ్వింది, గొంతులో గడ్డ అడ్డుపడేదాకా.
జూన్ నెల. హామర్‌ఫెస్ట్.
అర్ధరాత్రి కూడా సూర్యుడు
చుట్టపుచూపుగా వచ్చి కదలని బావగారిలా
సముద్రం మీదే కూర్చునుంటాడు.

రెండ్రోజులాగి గొంతులోకి గాజుతీగ దింపారు.
ఎర్ర వెలుగు, పన్నెండు నిమిషాలు.
మందు పేరుకున్న చోటే రాజుకుంది.

ఇంట్లో కిటికీలన్నిటికీ పాత తెరచాప గుడ్డ, మేకులు.
తలుపు సందులో ఉన్ని మేజోళ్లు.
చీకట్లో చేపల చారు తాగిస్తూ
దిగిందా అని అడగను;
చెంచా ఖాళీగా తిరిగొస్తే చాలు.

నిన్న ఒక మేకు ఊడింది.
ఆవగింజంత ఎండ దుప్పటి మీద పడింది.
ఒడ్నీ చటుక్కున చెయ్యి లాక్కుంది.
కానీ మూసెయ్యనివ్వలేదు.
వలలో చిక్కిన చేపపిల్లని
వదలాలా ఉంచుకోవాలా అని
పడవ అంచున వంగి చూసినట్టే
చూస్తూ ఉండిపోయింది.