నూనె పలచబడేదాకా

కోటిపల్లి రేవు. పుష్యమాసం, ఐదున్నర.
అవతల ముక్తేశ్వరం లేదు. మంచుంది.
పంటు మీద పాలక్యాన్ల బైకూ, కొబ్బరిమొక్కల ఆటో, నేను.

నూకరాజు ఇంజను మీంచి గోనె తీశాడు.
రాత్రి తనకన్నా ముందు దానికే కప్పాడట.
స్టార్టయింది. కదల్లేదు.
“పోనీవయ్యా, పాలు విరిగిపోతాయి!”
“ఉండండి బాబూ, నూనింకా గడ్డపెరుగులా ఉంది.”

నవ్వొచ్చింది నాకు.
ఇరవయ్యారేళ్ళు విమానాల కిందే బతికాను.
లేహ్‌లో, సున్నాకి పద్దెనిమిది దిగిన తెల్లారుల్లో
ఇంజను మూతిలోకి వేడిగాలి గొట్టం దోపి
వేళ్ళు చంకల్లో దాచుకుని నిలబడేవాణ్ణి.
కిటికీల్లో నూటడెబ్భై మంది
వాచీలు చూపించేవాళ్ళు.
నూనె ముల్లు లేచేదాకా
నా బొటనవేలు లేచేది కాదు.

ఇక్కడ ముల్లు లేదు.
అట్లపెనం మీద చిలకరించినట్టు
పొగగొట్టం మీద నాలుగు చుక్కలు గోదారి.
ఉలకలేదు.
బీడీ వెలిగించాడు. సగం కాల్చాడు.
మళ్ళీ నాలుగు చుక్కలు.

చుయ్.

తాడు విప్పారు.
నాకు తెలీకుండానే
జేబులోంచి చెయ్యొచ్చి
బొటనవేలు మంచులోకి లేచింది.

పాలాయన చూసి జాలిపడ్డాడు:
“అలాగేలెండి మేస్టారూ,
ఒడ్డెక్కాక నా బండెక్కుదురుగాని.”