ఐదో నట్టు

పక్క గ్యారేజీలోళ్లకు మూడు లారీలు, ఓ వంటమనిషి.
మాకు సఖీర్ దాకా తంకచ్చన్ కూరగాయల వ్యాను,
కొత్తిమీర వాసన పట్టిన టైర్లు.

హిషామ్ మనామాలో పండ్ల డాక్టరు.
రెండో డ్రైవరు ఆయన మరదలు నూరా,
బ్రేకు మీద నమ్మకం తక్కువ ఆమెకు.
ఇంజను రోడెల్‌ది. టైర్లు నాయి.
గేజి పెట్టకముందే నా అరచెయ్యి చెప్తది
ఎంత కాగింది, ఎంత అరిగింది.

శుక్రవారం రెండింటికి జెండా ఊపిండ్రు.
పొద్దుగూకినంక గాలి లేచింది.
లైట్ల కింద ట్రాకు దాటే ఇసుక
ఎవరో పిండి జల్లిస్తున్నట్టు.

రాత్రి మూడున్నరకు నూరా లోపలికొచ్చింది,
ముందు ఎడమ చక్రంల పొగ.
బేరింగు పోయింది.
ఇంకోటి తెచ్చుకునే పైసలు మేం డీజిలుకు పెట్టినం.

రోడెల్ మాట్లాడలే.
స్పానర్లు పట్టుకొని పార్కింగుకు పోయిండు,
డాక్టరు సొంత కారు కింద దూరిండు.
గదే కంపెనీ, గదే బేరింగు.
"ఐతారం క్లినిక్‌కు ఎట్ల పోవాలెరా?"
అనుకుంటనే టార్చి పట్టిండు హిషామ్.

నలభై ఒక్క నిమిషం.
నాలుగు నట్లు బిగించిన, ఐదోది చీకట్ల దొర్లిపోయింది.
అది గూడ ఆ కారుదే పీక్కొచ్చినం.

ముప్పై నాలుగు బండ్లల్ల ఇరవై తొమ్మిదోది మాది.
ఎవరూ ఫోటో తియ్యలే.

తిరుగుదారిల అందరం కూరగాయల వ్యానులనే.
టైరు మీద తలపెట్టి డాక్టరు గురక.
బూటు విప్పితే నా సాక్సుల నట్టు.
లేపుదామనుకున్న. లేపలే.
ఆయన తలకింది టైరు మీద చెయ్యి పెట్టి చూసిన,
ఇంకా వెచ్చగనే ఉంది.