సంచి మూతి

ఎనభై ఆరు ఆగస్టు. నాకు తొమ్మిదేళ్లు.
మూడో హెచ్చరిక అని దండోరా వేసినవాడి గొంతు
వానలో తడిసి సగమే వినబడింది.
నేను గట్టెక్కింది ఊరిని కాపాడ్డానికి కాదు.
మా నల్లమేక పలుపు తెంపుకుని పోతే
దాని వెనక పోయాను.

గట్టు మీద నాలుగు పెట్రోమాక్సు లైట్లు,
కింద అంచు తెలియని వశిష్ట.
పుట్టలు వదిలి పాములు కూడా పైకొచ్చాయి,
ఎవరూ కొట్టలేదు.
ఆ రాత్రి వాటికీ మాకూ అదే నేల.

లస్కరు గనిరాజు
ఎవరి పిల్లవని అడగలేదు, ఇంటికి పొమ్మనలేదు.
ఖాళీ గోనె ఒకటి నా చేతుల్లో పెట్టి
"మూతి పట్టుకో. ఎడంగా" అన్నాడు.

మూతి పట్టుకోడమంటే
పార వచ్చి ఇసుక పోసేలోగా సంచి నోరు మూసుకోకుండా
రెండు బొటనవేళ్లూ లోపలికి పెట్టి
నడుం వంచి నిలబడ్డం.
సగం సంచిలోకి, సగం నా కళ్లలోకి.
నిండినదాన్ని ఎవరో లాక్కుపోయేవారు.
నూరు దాకా లెక్కపెట్టాను,
ఆపైన మళ్లీ ఒకటి నుంచి.
పక్కన మూతులు కుడుతున్న దర్జీ కాశింని
"ఇంకెన్ని?" అనడిగాను.
పురికొస ముడేస్తున్నాడు, దబ్బనం పళ్ల మధ్య ఉంది.
"ఊ" అన్నాడు.

తెల్లారగట్ల బిందెతో టీ వచ్చింది.
గ్లాసులు చాలక నాకు కొబ్బరిచిప్పలో పోశారు.
నా బతుకులో మొదటి టీ, పీచు వాసనతో.
గనిరాజు మెచ్చుకోలేదు. తల నిమరలేదు.
"రాత్రికి వస్తావుగా" అన్నాడు.
అది అడగడం కాదు,
పారలు ఇన్ని, సంచులు ఇన్ని అన్నట్టు
నన్నూ లెక్కలో వేసుకోడం.
మా ఇంట్లో ఏడుగురం. అంతవరకు ఎవరూ
నన్ను విడిగా లెక్కపెట్టలేదు.

మా గట్టు నిలిచింది.
ఎదర లంకకి గండి పడింది.
మేం రానివ్వని నీళ్లు ఎటు పోయాయని
నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.
మూడోనాడు ద్వారబంధంతో సహా ఒక తలుపు,
వేసిన తాళం వేసినట్టే,
తేలుతూ వచ్చి మా రేవులో ఆగింది.

అది ఎవరిదో కనుక్కోడానికి
గనిరాజు నావ కడితే నేనూ ఎక్కాను,
అటుకుల మూట ఒళ్లో పెట్టుకుని.
అది రెండోసారి.
మూడోసారి ఎప్పుడో నాకు గుర్తులేదు.

"తన్నుమాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమే" అనేది అమ్మ.
పెళ్లయ్యాక ఆ సామెత అత్తగారు అందుకుంది.
అబద్ధం కాదు.
పెద్దాడి పదో తరగతి లెక్కల పరీక్షనాడు
రాజోలు ఆసుపత్రిలో ఎవరికో రక్తమిచ్చి
కళ్లు తిరిగి పడుకున్నాను.
వాడు చద్దన్నం తిని పోయాడు.
ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.
నా దగ్గర జవాబు లేదు.

మంచిదానివి అంటారు కొందరు.
ఆ మాట ఎరువు తెచ్చుకున్న జాకెట్టు,
చంకల కింద పట్టేస్తుంది.
నాకు తెలిసిందల్లా
ఎక్కడ ఖాళీ సంచి కనబడినా
బొటనవేళ్లు వాటంతటవే లోపలికి పోతాయి.
రేషను షాపులో కూడా.

మొన్న మళ్లీ రెండో హెచ్చరిక.
గనిరాజు లేడు. కాశిం లేడు,
ఆయన దబ్బనం మాత్రం నా దగ్గరుండిపోయింది,
ఇచ్చాడో, నేనే తిరిగివ్వలేదో.
ఇప్పటివి ప్లాస్టిక్ సంచులు, చేతిలో జారతాయి.
గట్టు మీద ఎవరి పిల్లాడో
వరదని సెల్లులో పట్టుకుంటున్నాడు.
ఎవరి పిల్లాడివని అడగబోయి మానేశాను.
సంచి అందించాను.
సెల్లు చొక్కాలోకి జారవిడిచి, వంగి,
"ఎంతసేపండీ?" అన్నాడు.

నోట్లో దబ్బనం.
"ఊ" అన్నాను.