ఏటవాలు గీత

ఫాయిల్ నదికి ఈ ఒడ్డున ఊరి పేరు డెర్రీ.
ఆ ఒడ్డున చాలామందికి లండన్‌డెర్రీ.
ఎవరికీ కోపం రాకూడదనుకున్నవాళ్ళు
రెండూ రాసి, మధ్యన ఓ ఏటవాలు గీత పెడతారు.

మూతబడ్డ చొక్కాల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
కాలర్లు కుట్టిన ఆడవాళ్ళ మాటలు
నాలుగు వందల పన్నెండు ఫైళ్ళు.
టైపు చేసినవాళ్ళు తలా ఒక తీరున చేశారు.
సరిచెయ్యడానికి ఎడిటర్‌లో
సొంతంగా ఓ కమాండ్ రాసుకున్నాను.
పేరు ‘మార్చు’.
మార్చు, గీత, పాత మాట, గీత, కొత్త మాట, గీత.
గీత కనబడ్డచోటల్లా తెగ్గొట్టమన్నాను.
పదకొండు వరసలే.
మురిసిపోయి టీ పెట్టుకున్నాను.

ఊరి పేరు జంటగా ఉన్నచోట
‘మా ఊరు’ అని మార్చుదామనుకున్నాను,
వాళ్ళు నోటితో అన్నది అదే కాబట్టి.

మార్చు/డెర్రీ/లండన్‌డెర్రీ/మా ఊరు/

అది మధ్యలోనే తెగింది.
మూడో ముక్క ఎవరికీ అక్కర్లేక రాలిపోయింది.
బాగ్‌సైడ్ ఊనా గోర్మ్‌లీ
“పుట్టింది లండన్‌డెర్రీలో, పోయేదీ అక్కడే” అంటోంది.
కొన్నిచోట్ల లండన్‌లండన్‌డెర్రీ.

ఆ ఒడ్డు మెర్విన్ నా భుజం మీంచి చూసి
“నాలుగొందల ఏళ్ళుగా మావాళ్ళ వల్ల కానిది
అర సెకనులో చేశావే బ్రోనా” అన్నాడు.
వెనక్కి తిప్పే మీట నొక్కాను.
ఈ ఊళ్ళో ఆ మీట ఇంకెక్కడా చూళ్ళేదు.

కామా పెడదామా? ఊనా ఊపిరంతా కామాలే.
రెండు చుక్కలా? సైరన్ మోగే వేళల్లో ఉన్నాయి.
నిలువు గీత? ఫిలొమీనా మౌనాలకి వాడేసింది.
“వాడేవాళ్ళనే అడుగు” అన్నాడు మెర్విన్.

సరే. కమాండ్ పేరు తర్వాత మొదట ఏది వస్తే
ఆ పూటకి అదే గోడ.
ఆ గోడే మాటలో భాగమైతే
దాని ముందు వెనక్కి వాలిన గీత ఒకటి:
ఇది మాదే, పోనివ్వండి.

తెగ్గొట్టడం మానేసి
ఒక్కో అక్షరం దగ్గరా ఆగి చూసేలా రాస్తుంటే
నాన్న కారు గుర్తొచ్చింది.
చెక్‌పోస్టులో టార్చిలైటు మొహమ్మీద కొట్టి
పేరు, వీధి, చదివిన బడి అడిగేవాళ్ళు.
మూడు ముక్కలు.
మనిషిని తేల్చెయ్యడానికి చాలేవి.
నాన్నకి పావురాలంటే ఇష్టం. అదెవరూ అడగలేదు.

సాయంత్రానికి నడిచింది.
మెర్విన్ కుర్చీ లాక్కుని
ఊరి పేరు కొట్టాడు, ‘డ’ అక్షరాన్నే గోడగా పెట్టి.
ముక్కలు ముక్కలు.
“చూశావా” అన్నాడు, పిల్లాడిలా.

అక్షరాలు గోడలు కాకూడదని
ఇంకో వరస రాశాను.
పన్నెండో ఫైలు తెరిచాను.
టీ ఎప్పుడో చల్లారింది.