ఎడమ రెక్క

ఎడమ రెక్క తాపియో చేసిందే.
పోయినేడు ఏడో నంబరు రిబ్ దగ్గర
నాతో గొడవపడి వదిలేసి పోయాడు.
జిగురు గురించి మొదలైంది. ఆ తర్వాతది చెప్పను.

ఇనారిలో సూర్యుడు మొహం చాటేసిన రోజుల్లో
వంటింటి బల్ల మీద ప్లాను పరిచి, మైనపు కాగితం కప్పి
కుడి రెక్క నేను కట్టాను.
బాల్సా చెక్క, చేపముల్లంత తేలిక.
గుండుసూదులు గుచ్చినా కిక్కురుమనదు.
బొటనవేలు చూపుడువేలికి అతుక్కుపోయి
ఒక సాయంత్రమంతా కాఫీ ఎడమచేత్తోనే తాగాను.
పసుపు ఫిల్మ్ మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తే
ముడతలన్నీ పోయాయి, వాడి వైపు ఒక్కటి తప్ప.
తోక బరువెక్కువైంది.
గాలానికి కట్టే సీసం గుండు ముక్కులో ఇరికించాను.

ఫిబ్రవరిలో, గడ్డకట్టిన సరస్సు మీదికి.
చక్రాల బదులు స్కీలు. మైనస్ పద్దెనిమిది.
చేతితొడుగులు తీసి రిమోటు పట్టుకుంటే
వేళ్ళు ఎవరివో అనిపించింది.
ముప్పై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాను,
అది ఎన్నడూ నేల వదల్లేదు.

ఇది లేచింది.
లేవగానే ఎడమకి వాలింది, మొండిగా.
గాలి లేదు. అది వాడి గరుకు కాగితం పనే,
తొందర మనిషి, అంచు మరీ అరగదీశాడు.

ట్రిమ్ కుడికి ఒక క్లిక్కు. ఇంకొకటి.
మూడోది నొక్కితే తిన్నగా పోయేదేమో.
నొక్కలేదు.
నా తల మీద పెద్ద పెద్ద సున్నాలు చుట్టి
బ్యాటరీ అయిపోతుండగా దిగింది.

ఫోన్ చేశాను.
"సిర్కాని. నీ రెక్క వంకర."
అవతల ఊపిరి. కుర్చీ జరిగిన చప్పుడు.
"ఎన్ని క్లిక్కులు?" అన్నాడు.