రెండు పెన్నీలు

తోలు కాగితం మీద మాన్యం చదునుగా ఉంటుంది.
కొండ లేదు, వాన లేదు, బురద లేదు.
మైస్ ఎస్గోబ్, అంటే బిషప్పుగారి పొలం.
నలభై రెండిళ్లు, ఒక మర, వాగుకి అడ్డంగా చేపల మాటు.
క్రిస్మస్‌కి ఇంటికో కోడి.
ఇంటి పెద్ద పోతే కొట్టంలో మేలైన పశువు.
చావుకీ శిస్తే.

ముప్పయ్యేళ్లు ఈ దారుల్లో ఉత్తరాలు పంచాను.
ఏ గేటు గడియ ఎటు తిరుగుతుందో నా వేళ్లకి తెలుసు.
రిటైరయ్యాక లాటిన్ మొదలుపెట్టాను,
ఒక చేత నిఘంటువు, ఒక చేత భూతద్దం.
రికార్డు ఆఫీసులో తెగ్వెద్ అనే పిల్ల
చుట్టుకుపోయే దస్త్రాన్ని ఇసుక సంచులతో అణిచిపెట్టి
"మెల్లగా" అంటుంది, నేను ఊపిరి తీసినా.

అక్కడ కనిపించింది హినిద్,
కదూగన్ కూతురు, మొగుడు పోయిన మనిషి.
బిషప్పు మరకి పోకుండా
ఇంట్లో తిరగలి మీద ఓట్లు విసిరినందుకు
జరిమానా రెండు పెన్నీలు.
మరుసటేడు మళ్లీ రెండు పెన్నీలు.
ఆ పైయేడూ అంతే.
గుమాస్తా ఆమె పేరు మూడు రకాలుగా రాశాడు.
అంకె మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

నాలుగో ఏడు తెగులొచ్చింది.
కోళ్ల పద్దు కింద పదకొండు.
పశువుల పద్దు కింద ఇలా ఉంది:
శూన్యం, తోలుకొచ్చేవాళ్లు లేరు గనక.
ఆమె పేరు ఇక లేదు.
ఆ పుటంతా సిరా పలచబడింది. గుమాస్తా కూడా మారాడు.

తర్వాతి కథ గబగబా జరిగిపోతుంది.
రాజు అడిగాడు, బిషప్పు ఇచ్చేశాడు.
ఒక వకీలు కొన్నాడు, అతని మనవడు పేకాటలో పోగొట్టాడు.
మర ఇప్పుడు సెలవుల బస,
వారానికి ఆరువందల పౌండ్లు, కుక్కల్ని రానివ్వరు.

మొన్న గొరోన్వీ పశువుల కొట్టం దగ్గర
తలుపుకి ఒత్తుగా పెట్టిన రాయి కాలికి తగిలింది.
తిరగేస్తే అడుగున గంట్లు, నడుమ సగం కన్నం.
సగం రాయే. ఎవరో పగలగొట్టారు.
ఆమెదేనని అనను. ఈ లోయలో
ఎన్ని తిరగళ్లు పగిలాయో ఏ దస్త్రం రాసింది గనక.
అయినా కన్నంలో వేలు పెట్టి చూశాను,
అరిగి నున్నగా, చల్లగా, పేడ వాసనతో.

ఇస్తావా అనడిగాను.
"మరి తలుపుకేం పెట్టను?" అన్నాడు గొరోన్వీ.
నిజమే. కొండ మీంచి గాలి లేచింది.
రాయిని దాని చోటనే ఉంచి,
గేటు గడియ వేసి వచ్చాను.